జాగ్‌లో పదేళ్లు చేస్తే జడ్జి అవ్వొచ్చా? కడప నుంచి ఒక మాజీ ఆర్మీ లాయరు సమాధానం

అనంతపురంలో ఐదేళ్ల లా చివరి సంవత్సరం చదువుతున్న ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "అమెరికాలో ఒకాయన ఆర్మీ లాయరుగా చేరి, అక్కడే మిలిటరీ జడ్జి అయి, రిటైరయ్యాక మామూలు కోర్టులో జడ్జి అయ్యాడని చదివాను. మా నాన్న మాజీ హవల్దార్. నాకూ యూనిఫాం వేసుకోవాలనుంది, జడ్జీ కావాలనుంది. మన దగ్గర జాగ్‌లో (ఆర్మీ న్యాయ విభాగంలో) చేరి, ఆ సర్వీసు మీద జడ్జి అవ్వొచ్చా? ముందు ఏది, వెనక ఏది?"

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. జాగ్‌లో పదేళ్ల షార్ట్ సర్వీసు (నిర్ణీత కాలానికే ఉండే కొలువు) చేసి మేజరుగా బయటికొచ్చాను. ఇప్పుడు కడపలో ప్రాక్టీసు. సగం సివిల్ దావాలు, సగం మాజీ సైనికుల పెన్షన్ కేసులు.

సూటి జవాబు: రెండూ చేయొచ్చు. కానీ జాగ్ సర్వీసు దానంతట అది నిన్ను జడ్జిని చేయదు. ఆర్మీలో గడిచిన ఏళ్లను బయట జడ్జి పోస్టుకు ప్రాక్టీసు కింద లెక్కగట్టరు. బయటికొచ్చి, మళ్లీ నల్లకోటు వేసుకుని, ఏడేళ్లు కోర్టులో నిలబడితేనే జిల్లా జడ్జి పరీక్షకు అర్హత వస్తుంది. అందుకే నీ ప్రశ్న చివరికి వయసు లెక్క దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆ లెక్క కింద వేసి చూపిస్తాను.

ముందు అమెరికా సంగతి తేల్చుకుందాం. అక్కడ 1968లో చేసిన చట్టంతో మిలిటరీ జడ్జి అనే పదవి వచ్చింది. ఆర్మీ లాయర్లలోంచే అర్హులను ఎంచి ఆ కుర్చీలో కూర్చోబెడతారు. మామూలు కోర్టులో జడ్జి ఎలా నడిపిస్తాడో కోర్టు మార్షల్‌ను, అంటే సైనికులను విచారించే ఆర్మీ కోర్టును, ఆయన అలాగే నడిపిస్తాడు. చాలా కేసుల్లో ముద్దాయి కోరుకుంటే ఒక్కడే విని తీర్పు కూడా చెప్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఆర్మీ లాయరు సర్వీసులో ఉన్నంత కాలం ఏదో ఒక బార్‌లో, అంటే లాయర్ల సంఘంలో, సభ్యుడిగా కొనసాగాల్సిందే. అంటే యూనిఫాంలో ఉన్నా లాయరే. పైగా చాలా రాష్ట్రాల్లో జడ్జీలను జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, మాజీ సైనికుడంటే ఓటర్లలో ఒక గౌరవం ఉంటుంది. అందుకే నువ్వు చదివినలాంటి కథలు అక్కడ మామూలు.

అలాగని అక్కడ కూడా అన్నీ చెల్లవు. లిండ్సే గ్రాహం అనే సెనేటరు ఎయిర్‌ఫోర్స్ రిజర్వులో న్యాయాధికారి. ఆయన్ను 2003లో ఎయిర్‌ఫోర్స్ అప్పీలు కోర్టులో జడ్జిగా వేశారు. సెనేటరుగా ఉంటూ అక్కడ జడ్జిగా కూర్చోవడం రాజ్యాంగానికి విరుద్ధమని 2006లో పై మిలిటరీ కోర్టు తేల్చేసింది. ఇది నీకు పనికొచ్చే ముక్క కాదు, నాకు ఇష్టమైన కేసు కాబట్టి చెప్పాను.

ఇక మన దగ్గరికొద్దాం. 1950 ఆర్మీ చట్టం కింద నాలుగు రకాల కోర్టు మార్షళ్లు ఉన్నాయి. పెద్దది జనరల్ కోర్టు మార్షల్. కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చుంటారు. వాళ్లలో ఒక్కరు కూడా లా చదివి ఉండాల్సిన అవసరం లేదు. ఇన్‌ఫాంట్రీ కల్నల్, సిగ్నల్స్ మేజరు, అలా ఎవరైనా కావచ్చు. వాళ్లకు చట్టం చెప్పడానికి జాగ్ నుంచి ఒక జడ్జ్ అడ్వకేట్ కూర్చోవాలి. 129వ సెక్షన్ ప్రకారం జనరల్ కోర్టు మార్షల్‌లో ఆ మనిషి తప్పనిసరి, డిస్ట్రిక్ట్, సమ్మరీ జనరల్ కోర్టు మార్షళ్లలో అవసరాన్ని బట్టి ఉంటారు. సాక్ష్యం తీసుకోవచ్చా లేదా, చార్జి నిలబడుతుందా, సాక్ష్యాలను ఎలా తూచాలి అన్నీ మనమే చెప్తాం. చివర్లో రెండు వైపులా ఉన్నదంతా కూడగట్టి వివరిస్తాం. ఆ తర్వాత సభ్యులు అభిప్రాయం చెప్పేది కింది ర్యాంకు నుంచి మొదలుపెట్టి. సీనియరు ముందు నోరు తెరిస్తే జూనియరు వెనకాడతాడని ఆ పద్ధతి పెట్టారు. నాకు ఆ నియమం ఇప్పటికీ భలే నచ్చుతుంది. కానీ గమనించు, ఆ గదిలో చట్టం అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషికి ఓటు లేదు. అక్కడ ఇచ్చిన తీర్పు కూడా పై అధికారి ఖరారు చేసేదాకా చెల్లదు.

అలాగని జడ్జ్ అడ్వకేట్‌ది ఉత్త అలంకారం కాదు. చరణ్‌జిత్ సింగ్ గిల్ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఒక మాట గట్టిగా చెప్పింది. విచారణ ఎదుర్కొంటున్న ఆఫీసరు కన్నా తక్కువ ర్యాంకు వాళ్లను జడ్జ్ అడ్వకేట్‌గా వేయకూడదని. సలహా చెప్పే మనిషి భయపడకుండా చెప్పగలగాలి కదా.

చిన్నది సమ్మరీ కోర్టు మార్షల్. అక్కడ కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే కోర్టు. మన సీమ నుంచి వెళ్లిన జవాన్లకు తగిలేది ఎక్కువగా ఇదే. ఒక కేసు చెప్తాను, అప్పుడు ఆర్మీ లాయరు పని ఎలా ఉంటుందో నీకు అర్థమవుతుంది.

కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక సిపాయి సెలవు మీద ఇంటికి పోయి, సెలవు అయిపోయినా రెండు నెలలు తిరిగి రాలేదు. ముప్పై రోజులు దాటితే కోర్టు ఆఫ్ ఎంక్వైరీ పెట్టి మనిషి లేడని రికార్డు చేస్తారు. వచ్చాక సమ్మరీ కోర్టు మార్షల్ పెట్టి, కొన్ని నెలల ఖైదు, దాంతో పాటు డిస్మిసల్ (ఉద్యోగం నుంచి తీసేయడం) వేశారు. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఇతనికి ఇంకా ఏడాది తక్కువ. సమ్మరీ కోర్టు మార్షల్ కాగితాలు ఆ వెంటనే పై ఫార్మేషన్‌కు (డివిజన్ లాంటి పెద్ద దళం ఆఫీసుకు) పోవాలని 162వ సెక్షన్. అవి నా బల్ల మీదికొచ్చాయి. ఫైల్లో అడుగున ఒక ఇన్‌లాండ్ లెటరు, తెలుగులో ఉంది. యూనిట్‌లో చదివినవాళ్లు లేరు, అలాగే టాగ్ వేసి పెట్టేశారు. గట్టు తగాదాలో నాయనకు చెయ్యి విరిగిందని, కడప ఆస్పత్రిలో ఉన్నాడని, ఇంట్లో మగదిక్కు లేదని, ఇంకొన్ని రోజులు సెలవు పొడిగించమని రాశాడు. కింద ఊరి సర్పంచి సంతకం, స్టాంపు. తేదీ చూస్తే సెలవు అయిపోకముందే రాసింది.

నేను ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి రాసి, రంజిత్ ఠాకూర్ కేసులో 1987లో సుప్రీంకోర్టు శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలని చెప్పిన మాట జోడించి, నోట్ పెట్టాను. 162లో ఒక ముక్క ఉంది: కేవలం సాంకేతిక కారణాల మీద కాదు, కేసు మంచి చెడ్డల మీదే శిక్ష తగ్గించాలి. అందుకే నా నోట్ అంతా ఆ ఉత్తరం మీదే నడిపాను. జనరల్ గారు డిస్మిసల్ తీసేసి ఖైదు ఒక్కటి ఉంచారు. ఆ మనిషి పెన్షన్ నిలబడింది.

ఈ కేసులో నేను చేసింది రాయడం. నిర్ణయం జనరల్‌ది. ఆయన కాదంటే అంతే సంగతులు. నీకు నిర్ణయించే కుర్చీయే కావాలా, నిర్ణయించేవాళ్ల పక్కన కూర్చుని సరైన మాట చెప్పడంలో తృప్తి దొరుకుతుందా? ఈ ప్రశ్న ముందు తేల్చుకో. చాలామంది జాగ్ ఆఫీసర్లకు రెండోది చాలు, నాకూ చాలింది. నేను జడ్జి పరీక్ష జోలికి పోలేదు.

మరి జాగ్ ఏళ్లు ఎందుకు లెక్కకు రావు? రాజ్యాంగం 233(2) ప్రకారం జిల్లా జడ్జిగా నేరుగా రావాలంటే ఏడేళ్లు అడ్వకేటుగా ఉండాలి. బార్ కౌన్సిల్ 49వ నియమం ప్రకారం పూర్తికాలం జీతం మీద ఉద్యోగంలో చేరినవాళ్లు ప్రాక్టీసు ఆపేసి, ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలపాలి. కమిషన్ (ఆఫీసరుగా నియామకం) తీసుకున్న రోజు నుంచి నువ్వు ఆఫీసరువే, అడ్వకేటువి కాదు. 2013లో దీపక్ అగర్వాల్ కేసులో, కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్లు అడ్వకేట్లేనని సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. దాన్ని పట్టుకుని జాగ్ వాళ్లకు కూడా వర్తిస్తుందని వాదించొచ్చు అనేవాళ్లు ఉన్నారు. వాదించొచ్చు. నేనైతే దాన్ని నమ్ముకుని జీవితం ప్లాన్ చేసుకోమని చెప్పను. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది: దరఖాస్తు పెట్టే నాటికి కూడా అడ్వకేటుగా కొనసాగుతూ ఉండాలి. అంటే ఎప్పుడో చేసిన ప్రాక్టీసును జేబులో పెట్టుకుని, యూనిఫాంలోంచే దరఖాస్తు పంపడం కుదరదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జి నేరు నియామకానికి వయసు 35 నుంచి 45 మధ్య ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. కింది మెట్టు, జూనియర్ సివిల్ జడ్జికి పై వయసు 35. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆ కాలమ్ మళ్లీ చూసుకో. జాగ్‌కు 21 నుంచి 27.

నీకిప్పుడు 22 అనుకుందాం. 23కి లా అయిపోతుంది. వెంటనే జాగ్ కొట్టి 24కి చెన్నై ఓటీఏలో (ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీలో) అడుగుపెట్టావనుకో, 49 వారాల ట్రైనింగు, 25కి లెఫ్టినెంటు. పదేళ్లకు బయటికొస్తే 35. ఏడేళ్లు ప్రాక్టీసు చేస్తే 42. జిల్లా జడ్జి పరీక్షకు ఇంకా మూడేళ్లు మిగిలాయి. ఏటా నోటిఫికేషన్ వస్తుందని నమ్మకం లేదు కాబట్టి ఆ మూడేళ్లంటే ఒకటి రెండు అవకాశాలు అనుకో.

అదే పదేళ్లకు ఆగకుండా పొడిగింపు నాలుగేళ్లూ చేశావనుకో, బయటికొచ్చేసరికి 39, ప్రాక్టీసు పూర్తయ్యేసరికి 46. తలుపు మూసేశారు. పొడిగింపు తీసుకున్న రోజే జడ్జి దారి వదులుకున్నట్టు. ఇది నాతో పనిచేసిన ఒకాయన విషయంలో కళ్లారా చూశాను. నెల జీతం, క్యాంటీన్, క్వార్టర్సు ఉన్నచోట నాలుగేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

మూడో దారి, ముందు ప్రాక్టీసు. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంటు నాటి నుంచే లెక్క. 23కి సన్నదు (లాయరుగా ఎన్‌రోల్‌మెంటు పత్రం) తీసుకుంటే 26కి సివిల్ జడ్జి పరీక్ష రాయొచ్చు. అప్పటికి జాగ్ వయసు కూడా ఇంకా దాటదు. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండేది ఆ ఒక్క ఏడాదే. అప్పుడు జాగ్‌కు పోతే కమిషన్ 27కి, బయటికి 37కి, ఏడేళ్లకు 44. చాలా ఇరుకు. సివిల్ జడ్జి ఎలాగూ 35తోనే పోయింది. సివిల్ జడ్జికి పోతే మాత్రం దారి బాగా వెడల్పయింది. 2025 అక్టోబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ప్రాక్టీసూ జడ్జి సర్వీసూ కలిపి ఏడేళ్లు నిండిన న్యాయాధికారులు కూడా 35 ఏళ్ల తర్వాత నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు పోటీ పడొచ్చని చెప్పింది.

కాబట్టి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను. నీకు జడ్జి కావాలన్నది ముఖ్యమైతే జాగ్ చుట్టుదారి వద్దు, నేరుగా సివిల్ జడ్జికి చదువు. యూనిఫాం మీద నిజంగా మనసుంటే వెంటనే జాగ్‌కు పో, పదేళ్లకు బయటికి రా. మధ్యలో ఊగితే రెండూ పోతాయి.

ఆర్మీ లోపలే ఉండిపోయి జడ్జి అయ్యే దారి లేదా అంటే, ఒకటుంది. 2007 చట్టంతో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ పెట్టారు, 2009 నుంచి పనిచేస్తోంది. కోర్టు మార్షల్ మీద అప్పీళ్లు, సర్వీసు, పెన్షన్ తగాదాలు అక్కడికే పోతాయి. ఆంధ్ర కేసులు చెన్నై బెంచికి. దాని మూల చట్టం ప్రకారం మేజర్ జనరల్ ర్యాంకులో జాగ్ అధిపతిగా కనీసం ఏడాది చేసినవాళ్లు అందులో సభ్యులు కావచ్చు. జ్యుడీషియల్ మెంబరుగా కాదు, అడ్మినిస్ట్రేటివ్ మెంబరుగా! జ్యుడీషియల్ కుర్చీ హైకోర్టు జడ్జీలది. జీవితమంతా చట్టమే నమిలి మింగిన మనిషిని పరిపాలన కోటాలో కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది. సరే, ఆర్మీ మొత్తానికి ఆ అధిపతి ఒకసారికి ఒక్కరే. పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉండే కొలువు) వచ్చి, ఆ మెట్టు ఎక్కితే దేవుడి దయ. 22 ఏళ్ల వయసులో దాన్ని లక్ష్యంగా పెట్టుకోలేం.

బయటికొచ్చి జడ్జి అయినవాళ్లు ఉన్నారా అని కూడా నీ ప్రశ్నలో ధ్వనిస్తోంది. నాకు తెలిసిన ఒకామె ఉత్తరాదిలో జిల్లా జడ్జిగా ఉంది. పదేళ్లు నిండగానే, పర్మనెంట్ కమిషన్ అవకాశం ఉన్నా వద్దనుకుని దిగిపోయింది. సొంతూరి జిల్లా కోర్టులో కొత్త జూనియర్ల పక్కన బెంచీ మీద కూర్చుంది. నిన్నటిదాకా సెల్యూట్లు కొట్టించుకున్న మనిషి, బెయిల్ పిటిషన్ నంబరు కోసం గుమాస్తా చుట్టూ తిరగడం అందరికీ చేతకాదు. ఆమె చేసింది. క్రిమినల్ వైపు ఆమెకు ఇబ్బంది లేదు. సాక్ష్యం చట్టం ఆర్మీలోనూ బయటా ఒకటే, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ కోర్టు మార్షళ్లకు కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్లోనే ఉంది. ఫైలు మొదటి కాగితం నుంచి చివరి దాకా చదివి, ప్రతి చార్జికీ ఏ సాక్ష్యం ఉందో విడదీసి రాసే అలవాటు జాగ్ నేర్పినంత గట్టిగా ఇంకెవరూ నేర్పరు. తీర్పు రాసే పేపర్లో ఆమెకు కలిసొచ్చింది అదే.

సివిల్ మాత్రం మొదటి నుంచీ నేర్చుకోవాల్సిందే. ఆర్మీలో పార్టిషన్ దావా ఉండదు, ఇంజంక్షన్ ఐఏ (దావా మధ్యలో వేసే పిటిషన్) ఉండదు, ఈపీ (తీర్పు అమలు పిటిషన్) ఉండదు. మన సీమ కోర్టుల్లో రోజంతా నడిచేవి అవే. వన్‌బీ, అడంగల్, పాసుపుస్తకం, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం), ఈ భూమి రికార్డులు నాలుగూ ముందేసుకుని సర్వే నంబరు సబ్‌డివిజన్ ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఏ ఓటీఏ నేర్పదు. నాకు ఆ విద్య నేర్పింది ఇక్కడి ఒక వృద్ధ గుమాస్తా. ఇంకో మాట, మన జడ్జి పరీక్షలో అనువాదం ఉంటుంది. కంటోన్మెంట్లలో కేంద్రీయ విద్యాలయాల్లో చదివిన సైనికుల పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, దస్తావేజు తెలుగు చదవలేరు. నువ్వు ఆ కోవలో ఉంటే ఇప్పటి నుంచే పాత క్రయపత్రాలు చదవడం మొదలుపెట్టు.

జాగ్‌కే పోదామనుకుంటే చేయాల్సినవి త్వరగా చెప్తాను. లాలో 55 శాతం తప్పనిసరి. క్లాట్ పీజీ (ఎల్ఎల్ఎం ప్రవేశ పరీక్ష) స్కోరు అడుగుతున్నారు. మన కర్నూలు, కడప, అనంతపురం కాలేజీల పిల్లలు చాలామంది ఎల్ఎల్ఎం చేయం కదా అని క్లాట్ పీజీ రాయరు, అక్కడే దెబ్బతింటారు. పెళ్లి కాకుండా ఉండాలి. ఎస్ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ) ఐదు రోజులు, బెంగళూరు వస్తే నీకు దగ్గర. సీట్లు ఒక్కో కోర్సుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆడపిల్లలకు మాత్రం మంచి మార్పు వచ్చింది. మగవాళ్లకు ఆరు, ఆడవాళ్లకు మూడు అని సీట్లు పంచిన కోర్సు మీద అర్ష్‌నూర్ కౌర్ కేసు నడిచింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పంపకాన్ని కొట్టేసి, ఉమ్మడి మెరిట్ జాబితా పెట్టమంది. మా రోజుల్లో తక్కువ మార్కుల మగపిల్లాడు లోపలికి, ఎక్కువ మార్కుల ఆడపిల్ల బయటికి పోయేది. ఆ బాధ నీకు లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ట్రైనింగుకు పోకముందే బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అవ్వు, వీలైతే బార్ పరీక్ష కూడా పాసవ్వు. ఓటీఏకు రిపోర్టు చేసే ముందు ప్రాక్టీసు సస్పెండ్ చేయమని లేఖ ఇచ్చి, వాళ్లు ఇచ్చిన ఆర్డరు నకలు మీ నాన్న దగ్గర పెట్టు. పదేళ్ల తర్వాత సస్పెన్షన్ ఎత్తేయమని అడిగేటప్పుడు ఆ కాగితం, రిలీజ్ ఆర్డరు రెండూ అడుగుతారు. సస్పెన్షన్ ఎత్తేసిన రోజు నుంచే నీ ఏడేళ్లు మొదలు. అక్కడ నాలుగు నెలలు జారితే 45 దగ్గర నాలుగు నెలలు తగ్గినట్టే.

నీ అసలు వయసు, ఇప్పటిదాకా వచ్చిన శాతం కింద రాయి. నీ లెక్క వేసి చెప్తాను.